సార్ రాలేదా మేడమ్?

పోయిన బుధవారం మా సికింద్రాబాద్ తిరుమలగిరి ఆడవాళ్లు ముగ్గురితో కలిసి, ఊరి చివర వ్యాన్లకు బాడీ కట్టే ఒక షెడ్డుకు వెళ్లాను. ముగ్గురూ అరవై దాటినవాళ్లే. ఇద్దరు సైనికుల భార్యలు, ఒకరు రిటైరైన లెక్కల టీచరు. కంటోన్మెంటు పక్కన కాపురం కాబట్టి ఇలాంటి ఆడవాళ్లు మాకు వీధికి ఇద్దరుంటారు. బదిలీ వచ్చినప్పుడల్లా నల్ల ట్రంకు పెట్టెల్లో ఇల్లంతా సర్దుకుని, పఠాన్‌కోట్ నుంచి జోర్హాట్ దాకా పచ్చడి జాడీ పగలకుండా చేర్చినవాళ్లు. వాళ్లకిప్పుడు వంట, పడక, బాత్రూం ఉన్న వ్యాను కావాలి. తామే నడుపుకుంటూ అహోబిలం, గండికోట, ఆపైన ఎటు బుద్ధి పుడితే అటు వెళ్లాలి.

షెడ్డాయన మమ్మల్ని చూశాడు, మా వెనక గేటు వైపు చూశాడు. "సార్ రాలేదా మేడమ్?" అన్నాడు. తరవాత అరగంట సేపు టీవీ ఎక్కడ బిగిస్తాడో, సీలింగుకు ఏ రంగు లైట్లు పెడతాడో చెప్పుకొచ్చాడు. డ్రైవరు పడుకోవడానికి విడిగా బెర్తు వేస్తానన్నాడు. "డ్రైవర్ని నేనే" అన్నారు టీచరుగారు. ఆయన నవ్వాడు. ఆ నవ్వు వారం రోజులుగా నాకు మింగుడుపడటం లేదు.

ఇల్లు కదలడం మనకు కొత్తా? గోల్కొండకు వచ్చే వర్తకుల బిడారులు దిగిన చోటుకే కార్వాన్ అని పేరు, ఇప్పటికీ ఆ పేట హైదరాబాదులో ఉంది. లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కనంతా తిరిగినప్పుడు సంసారాలు వెంటే నడిచాయి. మేడారం జాతరకు బండి కట్టుకుని పోయి, ఆ బండి కిందే వండుకుని, అక్కడే పడుకున్న అమ్మమ్మలు ఎందరి ఇళ్లలో లేరు? పగ్గం మాత్రం వాళ్ల చేతికి ఎవరూ ఇవ్వలేదు. 2018లో ఈ నగరం నుంచే నలుగురు ఆడవాళ్లు మోటారు సైకిళ్ల మీద ఆరు దేశాలు, 17,000 కిలోమీటర్లు తిరిగి వచ్చారు. అయినా షెడ్డులో అడిగేది సార్ గురించే.

బండి ఎంచుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మీరు రివర్సు తీయలేని బండి కొనకండి. బస్సంత బండి కొంటే డ్రైవర్ని పెట్టాలి. ఇక ఎక్కడ ఆగాలి, ఎప్పుడు బయల్దేరాలి అన్నది ఆయన చేతిలోకి పోతుంది. కారు లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్నీ నడపొచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. ఫోర్స్ ట్రావెలర్, టాటా వింగర్ ఆ బరువు లోపలివే. మారుతీ ఈకో చవకే గానీ బయటి ఎత్తే 1,825 మిల్లీమీటర్లు. మోకాళ్ల నొప్పులున్న మనిషి అందులో వంగి వంగి చీర ఎలా కట్టుకుంటుంది? లోపల ఏం మార్చినా రిజిస్ట్రేషన్‌లోకి ఎక్కించాలి. లేకపోతే రేపు ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర చిక్కొస్తుంది.

డ్రైవింగు సీటు నుంచి పడక దాకా లోపల్నుంచే దారి ఉండాలి. ఇందులో నేను బేరానికి ఒప్పుకోను. అర్ధరాత్రి ఎవరో తలుపు కొడితే కిందికి దిగకుండా స్టీరింగు దగ్గరికి చేరి, బండి కదిలించుకుపోగలగాలి. పికప్ వెనక డబ్బా బిగించిన బండ్లలో ఆ వీలుండదు. 2019 నవంబరులో తొండుపల్లి టోల్‌గేటు దగ్గర పశువైద్యురాలు దిశపై జరిగిన అఘాయిత్యం గురించి విన్నాక, రోడ్డు పక్కన ఆగిన బండిని ఈ ఊరి ఆడవాళ్లెవరూ మునుపటిలా చూడటం లేదు. టీవీ గోడలో దిగినా దిగకపోయినా ఈ దారి ఉండి తీరాలి.

ఆ తరవాత బాత్రూం. కర్టెను కాదు, గొళ్లెం పడే తలుపు. ఇరవై లీటర్ల పోర్టబుల్ టాయిలెట్ ముగ్గురికి రెండు రోజులు వస్తే గొప్ప. మూడో రోజు దాన్ని ఎక్కడ ఖాళీ చేయాలి? నా కోపమంతా ఇక్కడే. సినిమావాళ్లదీ ఇదే కథ: క్యారవాన్లు రాకముందు అవుట్‌డోర్ షూటింగుల్లో చీరలు అడ్డం పట్టుకుంటే బట్టలు మార్చుకున్నామని ఎందరో నటీమణులు చెప్పారు. ఇప్పుడు తారలకు క్యారవాన్లున్నాయి, జూనియర్ ఆర్టిస్టులకు లేవు. సెట్లో టాయిలెట్ లేక ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తున్నారని 2024 ఆగస్టులో బయటికొచ్చిన కేరళ హేమ కమిటీ నివేదిక రాసింది. మన హైవేల మీద బస్సెక్కే ఆడవాళ్లు చేసేదీ అదే. పెట్రోలు బంకులో టాయిలెట్ ఉండాలని నిబంధన ఉంది. వెళ్తే తాళం ఉంటుంది, తాళంచెవి ఉన్నవాడు భోజనానికి వెళ్లి ఉంటాడు. నాకిది ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. 2025 జూలైకి ఆడవాళ్ల ఉచిత ప్రయాణాలు 200 కోట్లు దాటాయి. అన్ని కోట్ల సార్లు ఇల్లు దాటినవాళ్ల కోసం ఎన్ని బస్టాండ్లలో శుభ్రమైన మరుగుదొడ్డి కట్టాం? ఉచిత టికెట్టు ఇచ్చినందుకు నేను చప్పట్లు కొట్టాను, ఇప్పటికీ కొడతాను. కానీ ఆ టికెట్టు మీద వెళ్లే తల్లి ఉదయం నుంచి గొంతు తడుపుకోవడం లేదు.

కేరళ 2021లోనే క్యారవాన్లకు విధానం తెచ్చి, అవి ఆగే పార్కులు మొదలుపెట్టింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ హరిత హోటళ్లున్నాయి, వాటికి ఆవరణలున్నాయి. అక్కడే కొళాయి, ప్లగ్గు, టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసుకునే చోటు, గేటు దగ్గర వాచ్‌మన్ చాలు. రాత్రికి ఇంతని రుసుము తీసుకోండి, ఇస్తాం.

మా ముగ్గురూ ఆ షెడ్డుకు మళ్లీ వెళ్లరు. పాత ట్రావెలర్ ఒకటి చూశారు. ఈ ఆదివారం పొద్దున్నే టీచరుగారు రివర్సు తీసి చూస్తారట. కార్తీకానికి శ్రీశైలం అనుకుంటున్నారు. దారిలో మన్ననూరు అటవీ చెక్‌పోస్టు రాత్రి 9 గంటలకు మూసేస్తారు, మళ్లీ ఉదయం 6కే తెరుస్తారు. ఆలస్యమైతే ఆ తొమ్మిది గంటలు బండి ఎక్కడ పెట్టుకోవాలో తెలుసుకోవడానికి నిన్న నలుగురికి ఫోన్ చేశాను. ఎవరూ చెప్పలేకపోయారు.