మనస్సునకు తగిలిన గాయము

కాలు విరిగిన బాలుని మైదానములో పరుగెత్తుమని యే యుపాధ్యాయుడును ఆజ్ఞాపింపడు. కట్టు కంటికి కనబడుచున్నది గదా! మనస్సునకు తగిలిన గాయమునకు కట్టు లేదు. కావున దానిని సోమరితనమనియు, మొండితనమనియు, పిరికితనమనియు పిలుచుట మన కలవాటైనది.

"ట్రామా" యనునది గ్రీకు మాట. దాని యర్థము గాయమనియే. పూర్వము వైద్యులు దానిని దేహమునకు తగిలిన దెబ్బలకే వాడుచుండిరి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధము ప్రారంభమైన పిమ్మట, ఒంటిమీద చిన్న గీటైనను లేకయే మాట పడిపోయినవారును, వణకు మాననివారును సైనిక వైద్యశాలలకు రాసాగిరి. 1915లో చార్లెస్ మయర్సు అను వైద్యుడు లాన్సెట్ పత్రికలో ఈ స్థితిని వర్ణించుచు "షెల్ షాక్" అను పేరు వాడెను. పేరు వచ్చెను గాని, వివేకము దాని వెంట రాలేదు. హారీ ఫార్ అను బ్రిటిషు సైనికుడు ఆ వ్యాధికే అయిదు నెలలు వైద్యశాలలో ఉండెను. 1916లో అతడు తిరిగి ముందు వరుసకు పోజాలననగా, పిరికివాడని తీర్పు చెప్పి కాల్చి చంపిరి. అతనికిని, అట్లు చంపబడిన మరి మూడువందల మందికిని బ్రిటిషు ప్రభుత్వము క్షమాపణ ప్రసాదించినది 2006లో. తొంబది యేండ్లు పట్టినది!

1980లో అమెరికా మనోవైద్యుల సంఘము తన గ్రంథపు మూడవ కూర్పులో ఈ వ్యాధికి స్థానమిచ్చెను. నేటి నిర్వచనము ప్రకారము, చావు ఎదుటికి వచ్చుట, ఘోరమైన దెబ్బ, లైంగిక హింస అనువానిని తాననుభవించుటయో, కన్నులార చూచుటయో, ఆప్తులకు హింసవలననో ప్రమాదమువలననో అట్టివి సంభవించినవని వినుటయో మొదట ఉండవలెను. పిమ్మట ఆ దృశ్యము వద్దన్నను మరల మరల వచ్చుట, దానిని తలపించు చోట్లను తప్పించుకొని తిరుగుట, చిన్న చప్పుడునకు ఉలికిపడుట మొదలగునవి నెలకు మించి నిలిచిన యెడల వ్యాధి యందురు. అట్టి ఆపద చూచిన వారందరును రోగులు కారు; పెక్కుమంది కాలక్రమమున కోలుకొందురు.

పరీక్ష తప్పుటను సైతము ట్రామా యనుట ఈ నడుమ వినుచున్నాము. దుఃఖము నిజమే, కాని ప్రతి దుఃఖమునకు ఆ పేరు పెట్టితిమేని, నిజముగా గాయపడినవాని మొర యెవరికి వినబడును?

ఇట్లు వ్రాయుచున్న మేమును నిర్దోషులము కాము. కొన్ని యేండ్ల క్రిందట మా తరగతిలో నొక బాలుడు, వాన పడినప్పుడెల్ల కప్పువైపు చూచుచు, ప్రశ్నకు బదులు చెప్పకుండెడివాడు. మూడు మారులు బెంచీపై నిలువబెట్టితిమి. ఉపాధ్యాయ కళాశాలలో అవధానమును గూర్చి మేము వ్రాసిన వ్యాసమునకు మంచి మార్కులే వచ్చినవి! గాలివానలో గోడ కూలి వాని చెల్లెలు వాని కన్నులయెదుటనే మరణించెనని తల్లి వచ్చి చెప్పువరకు మాకు తెలియదు. మేము అడుగను లేదు.

తలిదండ్రులారా, ఇట్టి సంగతి యింటనున్న యెడల బడికి చెప్పుడు. సిగ్గుపడవలసిన పని లేదు. వ్యాధి అవునో కాదో తేల్చుట వైద్యుని పని, మాది కాదు. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవను 14416 సంఖ్యకు ఫోను చేసి ఉచితముగా పొందవచ్చును.

ఆ బాలుని ఎక్కడ కూర్చుండెదవని పిమ్మట అడిగితిమి. తలుపు ప్రక్కననెను. ఆ యేడు కడవరకు అక్కడనే కూర్చుండెను.