ముసలి శకటం చెప్పే పాఠం

న్యూఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియంలో ఒక ముసలి అగ్నిమాపక శకటం ఉన్నది. ఇంగ్లండులోని జాన్ మోరిస్ సంస్థ 1914లో నిర్మించిన ఈ వాహనం ఒకప్పుడు నిజాం రాష్ట్ర రైల్వేకు సేవలందించినది. ఢిల్లీలో జరిగిన పాత కార్ల ర్యాలీలలో ఇది స్వయంగా నడిచి పాల్గొనడం విశేషం.

ఇటువంటి శకటాన్ని పునరుద్ధరించడం రంగు పూసినంత సులభం కాదు. విడిభాగాలు బజారులో దొరకవు. అరిగిన భాగాన్ని కొలిచి, లేతు యంత్రంపై కొత్తదానిని మలచుకోవలసి ఉంటుంది. పంపులోని వాషర్లు ఎండి బీటలు వారితే గాలి చొరబడి నీరు పైకి లేవదు. అప్పుడు పై ఇత్తడి ఎంత మెరిసినా అది బొమ్మే.

ఈ సత్యం మన కర్మాగారానికీ వర్తిస్తుంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ నౌక పేలినపుడు 66 మంది అగ్నిమాపక సిబ్బంది అసువులు బాసారు. వారి స్మృత్యర్థం ఏటా ఆ దినం నుండి అగ్నిమాపక సేవా వారోత్సవాలు జరుపుకుంటున్నాము. ఆ వారంలో గోడనున్న ఎర్ర సిలిండరుపై దుమ్ము తుడిచి ఊరుకోక, పీడన సూచిక ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉన్నదా, గొట్టం బీటలు వారినదా అని పరిశీలించవలసిందిగా సోదర ఉద్యోగులను కోరుతున్నాము. ఇంటివద్ద వంటగ్యాసు రబ్బరు గొట్టంపై ముద్రించిన గడువు తేదీని కుటుంబ సభ్యులు నేడే చూడగలరు.