ఏకాకి యాత్ర - విద్యార్థి ధర్మము

దేశాటనము విద్యలో ఒక భాగమని పెద్దలు చెప్పుదురు. భూగోళ పటమున చూచిన సముద్రమునకును, ఓడ అంచున నిలిచి చూచిన సముద్రమునకును గల భేదమును ఏ ఉపాధ్యాయుడును మాటలతో నేర్పజాలడు. అందుచేతనే పాఠశాల విద్య ముగించి కళాశాలలో చేరిన యువజనులు పలువురు వీపున సంచి తగిలించుకొని, తోడు లేకుండ, దూరపు ద్వీపములకు పోవ నుత్సహించుచున్నారు. మన పై తరగతుల విద్యార్థులలో సయితము ఈ కోరిక అంకురించుచున్నది. ఇది మంచిదా, చెడ్డదా అని తల్లిదండ్రులు తర్కించుచున్నారు. ఈ విషయమున మా అభిప్రాయమును నిస్సంకోచముగ తెలుపుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

విద్యార్థి ఒంటరిగ యాత్ర చేయుట మంచిదే అని మేము నమ్ముచున్నాము. గుంపుతో పోయినవాడు చాలవరకు గుంపునే చూచి వచ్చును. దారి అడుగువాడొకడు, బేరమాడువాడొకడు, డబ్బు దాచువాడొకడు ఉన్నచోట తక్కినవారికి కబుర్లే మిగులును. ఒంటరిగ పోయినవాడు తన టిక్కెట్టు తానే కొనవలెను, తన లెక్క తానే వ్రాసికొనవలెను, ముక్కు మొగము తెలియనివారిని తానే పలుకరింపవలెను. ఆ పలుకరింపులో బోలెడు చదువున్నది. బాలురకు వలెనే బాలికలకును ఈ చదువు అవసరము.

మన పూర్వులలో ఏనుగుల వీరాస్వామయ్య ఇందుకు మార్గదర్శి. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగ నుండిన ఆయన 1830 సంవత్సరమున కాశికి బయలుదేరి, 15 నెలలకు పైగ ప్రయాణము చేసి, 1831లో తిరిగి వచ్చెను. ఆయన పరివారముతో పోయినమాట నిజమే. అయినను కన్నులు మాత్రము ఆయనవే. మజిలీ మజిలీకి బాట ఎట్లున్నది, నీరు ఎట్లున్నది, అంగళ్లలో ఏమి దొరకును, జనులు ఎట్లు బ్రతుకుచున్నారు అనునది శ్రద్ధతో వ్రాసియుంచెను. అందుచేతనే ఆయన కాశీయాత్ర చరిత్ర నేటికిని చదువదగి యున్నది.

తల్లిదండ్రుల భయమును మేము తేలికగ తీసివేయుట లేదు. పదునెనిమిదేండ్లు నిండకుండ ఒంటరి యాత్ర తగదు. ఏ ఓడలో పోవునది, ఏ ఊర నుండునది, ఏనాడు తిరిగి వచ్చునది ఇంటిలో వ్రాసి ఇచ్చిగాని గడప దాటరాదు. అయితే తల్లిదండ్రులు ద్వీపము వలన తమ బిడ్డకు ఏమగునో అని భయపడుచున్నారు. బిడ్డ వలన ద్వీపమునకు ఏమగునో అని తలంచువారు అరుదు. మేము ముఖ్యముగ చెప్పదలచినది ఈ రెండవ మాటను గూర్చియే.

దృష్టాంతముగ లిటిల్ అండమాన్ ద్వీపమును తీసికొందము. చెన్నై, విశాఖపట్నము, కలకత్తా రేవులనుండి ఓడలో సుమారు మూడు దినములు ప్రయాణించినచో, 2024లో శ్రీ విజయపురమను పేరు పొందిన పోర్టు బ్లెయిరు వచ్చును. అచ్చటనుండి మరియొక చిన్న ఓడలో దక్షిణముగ పోయి హట్ బే రేవున దిగవలెను. దీవి వైశాల్యము సుమారు 700 చదరపు కిలోమీటర్లు. దట్టమైన అడవి, సెలయేళ్లు, జనసమ్మర్దము లేని బట్లర్ బే ఇసుకతీరము, దక్షిణ పశ్చిమ తీరములందు రాత్రివేళ గ్రుడ్లు పెట్టుటకు వచ్చు, తోలు వంటి వీపు గల మహాకూర్మములు - ఇవన్నియు చూచినవారు ఇది చెడని స్వర్గమని మురియుటలో ఆశ్చర్యము లేదు.

కాని ఆ దీవి ఎవరును లేని చోటు కాదు. వేలయేండ్లుగ ఓంగీలను ఆదిమజాతి వారు అచ్చట నివసించుచున్నారు. నేడు వారి సంఖ్య నూటికి కొంచెము మించియున్నది. 2004 డిసెంబరు 26వ తేదీ సునామీ హట్ బే ఊరిని ధ్వంసము చేసి పలువురిని పొట్టనబెట్టుకొన్నది. డుగాంగ్ క్రీక్ వద్దనుండిన ఓంగీలు మాత్రము సముద్రము వెనుకకు పోవుట చూచి, తమ పెద్దలు చెప్పిన జ్ఞానముతో మెట్టకు చేరి ప్రాణములు దక్కించుకొనిరి. సముద్రుని కోపమునుండి తప్పించుకొన్న ఆ జనులే, నాలుగేండ్ల తరువాత 2008 డిసెంబరులో, ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన ఒక పాత్రలోని ద్రవమును మద్యమని భ్రమించి త్రాగిరి. ఎనమండుగురు మరణించిరి. నూరుమంది జాతిలో ఎనమండుగురనగా ఎంతటి నష్టమో లెక్కలు చదువుకొను విద్యార్థులకు వేరుగ చెప్పనక్కరలేదు.

"నే నొక్కడను పోయినంత మాత్రమున ఏమి మునిగినది?" అని అడుగు విద్యార్థికి ఇదియే మా సమాధానము. పెద్ద నగరములో ఒకని బరువు తెలియదు. చిన్నచోట ఒక్కని బరువు చాల ఎక్కువ. నగరములో పారవేసిన సీసాను ఊడ్చువారుందురు. దీవిలో పారవేసినది దీవిలోనో, దాని చుట్టునున్న సముద్రములోనో ఉండును. ఎవరి ఒడ్డునకు చేరునో, ఎవరి చేతికి చిక్కునో పారవేసినవానికి తెలియదు.

ఒక్కనివెంట పదిమంది వత్తురనునది కూడ మరువరాదు. చెడని సముద్రతీరమును వెదకుచు పోయిన సంచి యాత్రికుని కథతో అలెక్స్ గార్లాండ్ అను ఆంగ్లరచయిత 1996లో ఒక నవల ప్రకటించెను. దానిని చలనచిత్రముగ థాయిలాండులోని మాయా బే అను చిన్న తీరమున తీసిరి. అది 2000 సంవత్సరమున విడుదలయినది. పిదప ఆ తీరమును చూడ జనము విరుగబడిరి. దినమునకు ఐదువేలమంది వరకు వచ్చిన రోజులు కలవు. పడవల లంగరులకును జనుల కాళ్లకును పగడపు దిబ్బలు నలిగిపోయినవి. 2018 జూనులో ప్రభుత్వము ఆ తీరమును మూసివేయవలసి వచ్చెను. మనుష్యులు తొలగినంతనే సొరచేపలు మరల వచ్చినవి. 2022 జనవరిలో తెరచినప్పుడు జనుల సంఖ్యకు హద్దు పెట్టి, పడవలు ఆ అఖాతములోనికి రాకుండ కట్టడి చేసిరి. ఆ తీరమునకు చేటు తెచ్చినది దాని అందమును మెచ్చినవారే గదా!

ఇంకొక విధమైన సాహసమును మేము ఎంతమాత్రము మెచ్చజాలము. ఆదిమజాతుల రక్షణకై 1956లోనే అండమానులందు ప్రత్యేక శాసనము చేయబడినది. ఆ జాతులకు ప్రత్యేకించిన ప్రదేశములలో అనుమతి లేనిదే అడుగిడరాదు. ఇట్లుండగ 2018 నవంబరులో ఒక అమెరికా యువకుడు మతప్రచారమునకై ఉత్తర సెంటినెల్ దీవిపై రహస్యముగ దిగి, ఆ దీవివాసుల చేతిలో మరణించెను. 2025లో మరియొక విదేశీయుడు అదే దీవిపై దిగి, ఒక కొబ్బరికాయను, ఒక శీతలపానీయపు డబ్బాను వదలి వచ్చి అరెస్టయ్యెను. ఇతరులతో సంపర్కము లేని ఆ జనులకు మన జలుబు సయితము ప్రాణాంతకము కావచ్చును. వలదన్నచోటికి పోవుట ధైర్యమని మన విద్యార్థులు భ్రమపడరాదు.

ఈ సందర్భమున మన మనస్సునకు మిక్కిలి సన్నిహితమైన సంగతి యొకటి కలదు. 1858లో బ్రిటిషువారు అండమానులలో ఖైదీల వలసను నెలకొల్పిన పిమ్మట, వెలుపలనుండి వచ్చిన తట్టు మొదలగు రోగములచే గ్రేట్ అండమానీయులను జాతివారు వేలసంఖ్యనుండి పదులసంఖ్యకు తగ్గిపోయిరి. వారి భాషలలో నొకటైన బో భాషను తెలిసిన చివరి వ్యక్తి బోవా సీనియర్ అను వృద్ధురాలు. అన్వితా అబ్బీ అను భాషాశాస్త్రజ్ఞురాలు ఆమె పలుకులను నమోదు చేసినది. తన భాషలో తనకు బదులు చెప్పువారెవ్వరును లేక ఆ వృద్ధురాలు పెక్కేండ్లు గడపి, 2010 జనవరిలో కన్నుమూసినది. ఆమెతో ఆ భాషయు ముగిసినది. చుట్టును వేరుభాష వినబడుచుండగ తెలుగు బడిలో తెలుగు చదువుకొను మనకు ఈ మాట విన్నప్పుడు గుండె కలుక్కుమనక మానదు. తెలుగు కోట్లమంది భాష గనుక మన కట్టి విపత్తు లేదు. అయినను కొద్దిమందిగ నుండుట అనగా ఏమో మనకు తెలియును. తరగతిలో ఒక్క విద్యార్థి తగ్గినను మన బడికి లోటే. కనుక చిన్నచోట ఒక్కని విలువయు, ఒక్కని బరువును మనకంటె బాగుగ నెవ్వరెరుగుదురు?

కాబట్టి ద్వీపమునకు పోదలచిన విద్యార్థి ముందుగ దానిని గూర్చి చదివి, ఎచ్చటికి పోవచ్చునో, ఎచ్చటికి పోరాదో తెలిసికొని బయలుదేరవలెను. సంచిలో తీసికొనిపోయిన ప్రతి సీసాను, ప్రతి పొట్లపు కాగితమును అదే సంచిలో తిరిగి తేవలెను. పగడపు ముక్కలను ఏరుకొనరాదు. అది శాసనవిరుద్ధము కూడ. తాబేళ్లు వచ్చు తీరమున రాత్రి దీపములు వెలిగించరాదు. పొదిగిన పిల్లలు ఆ వెలుగును చూచి సముద్రపు దిక్కు తప్పిపోవును. వాగుల మొగలందు ఉప్పునీటి మొసళ్లుండును గనుక ఊరివారి మాట వినక నీట దిగరాదు.

అంతకంటె ముఖ్యముగ, అచ్చటి మనుష్యులతో మాటలాడవలెను. 2011 జనాభా లెక్కలలో ఆ ద్వీపసముదాయమున నూటికి 13 మంది తెలుగును మాతృభాషగ వ్రాయించిరి. రేవులోనో, అంగడిలోనో తెలుగు మాట చెవిని బడవచ్చును. పడవవాని కష్టసుఖములను, వంటయింటి వారి నీటి కరవును అడిగి తెలిసికొని, వీరాస్వామయ్య వలె ఉన్నదున్నట్లు వ్రాసికొనవలెను. చేతిలోని ఫోనుతో తన ముఖమును నూరుమార్లు పటము తీసికొని లోకమునకు చాటుటకంటె ఈ వ్రాత మేలు. ఒక ప్రశాంతమైన చోటు దొరకినచో దాని జాడను ఊరూర చాటకుండుటయు దానికి చేయు ఉపకారమే.

తల్లిదండ్రులకు మా మనవి: బిడ్డలను పోనిండు, కాని ఈ మాటలు చెప్పి పంపుడు. విద్యార్థులకు మా హితవు: తప్పక పొండు, కాని అతిథులుగ పొండు. మీరు తిరిగి వచ్చిన పిమ్మట ఆ ఇసుకపై మీ గుర్తు ఏదియు మిగులకపోయినను, అచ్చటి వారు నేర్పినది మీలో మిగిలినచో, అదియే సార్థకమైన యాత్ర.