మా అమ్మాయికి స్ట్రెస్ లేదు వదినా!

మొన్న పాల్వంచలో ఒక పెళ్ళిలో, భోజనాల బంతిలో పక్కన కూర్చున్న వరసకు వదినగారు అడిగింది.

"మీ పెద్దది ఏం చేస్తోందన్నావ్?"

"స్ట్రెస్ ఇంజినీర్ వదినా, హైదరాబాద్‌లో. రక్షణ రంగానికి భాగాలు తయారుచేసే కంపెనీలో."

"అయ్యో, పిల్లకి అంత స్ట్రెస్ ఎందుకే? సాఫ్ట్‌వేర్‌కి మారమనరాదూ!"

బంతిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. భద్రాచలం వచ్చేసరికి మాత్రం ఒళ్ళు మండింది. నెల క్రితం ఒక సంబంధం ఇదే మాట మీద తప్పిపోయింది మరి.

స్ట్రెస్ అంటే ఆ పిల్ల పడే టెన్షన్ కాదండీ, లోహం పడే ఒత్తిడి. ఒక భాగం మీద ఎంత భారం పడుతుంది, ముందు ఎక్కడ పగులుతుంది అని లెక్కగట్టడం ఆమె పని. విమానాల్లో, ఊహించిన గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు పడినా విరగకూడదని నియమం. 1954లో కామెట్ అనే ప్రయాణికుల విమానాలు రెండు గాల్లోనే ముక్కలయ్యాయి. మళ్ళీ మళ్ళీ ఒత్తిడి పడి లోహం అలిసిపోయి పగుళ్ళిచ్చింది. అలాంటి పగులును ముందే పసిగట్టేవాళ్ళే వీళ్ళు.

గోదారి ఒడ్డు వాళ్ళకు ఇది వేరే చెప్పాలా? 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటినప్పుడు మనందరి నోటా ఒకటే ప్రశ్న: కరకట్ట ఆగుతుందా? మా అమ్మాయి రోజూ వేసుకునేది ఆ ప్రశ్నే. కాకపోతే వరద రాకముందు వేసుకుంటుంది.

పెళ్ళివారి అభ్యంతరాలు మూడు. ఇంటి నుంచి పని చేయడం కుదరదట. ఫోన్ గేటు దగ్గరే ఇచ్చి వెళ్తుంది, లోపల ఏం చేస్తోందో చెప్పదట. అబ్బాయి అమెరికా వెళ్తే ఈ ఉద్యోగం అక్కడ దొరకదట. మరి అబ్బాయి ఉద్యోగం ఇక్కడ దొరుకుతుందా అని ఎవరైనా అడిగారా? కొడుకు మిలిటరీలో ఉండి ఎక్కడున్నాడో చెప్పకపోతే గొప్ప. ఆడపిల్ల చెప్పకపోతే అనుమానం! ఇదేం న్యాయం?

ఇంకొకావిడ మరీ సున్నితంగా, "ఆయుధాల కూడు తినడం పాపం కదమ్మా" అంది. ఈ మాటని నేను తేలిగ్గా తీసిపారేయను. అడవి అంచున బతికినదాన్ని, తుపాకీ ఎటువైపు పేలినా ఏ తల్లో ఏడుస్తుందని తెలుసు. కానీ దేశానికి ఏ ఆయుధం కావాలో, ఎప్పుడు వాడాలో తేల్చేది ఓట్లేసి మనం పంపినవాళ్ళు. ఆ బరువంతా జీతానికి పనిచేసే ఒక్క పిల్ల నెత్తిన పెడతారా? అదే హైదరాబాద్‌లో, క్షిపణుల కోసం తయారుచేసిన తేలికైన పదార్థంతోనే కలాంగారి బృందం పోలియో పిల్లలకు కాలిపర్లు చేసింది. మూడు కిలోల బరువు మూడొందల గ్రాములకు దిగింది. అగ్ని-4కు ప్రాజెక్ట్ డైరెక్టరుగా పనిచేసింది టెస్సీ థామస్ అనే ఆడమనిషి. 2011లో ఆ క్షిపణి ఎగిరినప్పుడు టీవీ ముందు చప్పట్లు కొట్టాం కదా? మన ఇంటి కోడలు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ పని పనికిరాదా?

అసలు తప్పు నాదీ ఉంది. సంబంధం తప్పిన రాత్రి అది ఫోన్ చేసి, "అమ్మా, మానేయనా?" అంది. "ఆలోచించు" అన్నాను. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, నా భయం నాది. అవతల చాలాసేపు మాట లేదు. వాళ్ళందరూ కలిసి వేసిన బరువు కంటే నా ఒక్క మాటే ఎక్కువ నొక్కిందేమో.

ఆ మాట ఇవాళ వెనక్కి తీసుకుంటున్నాను. మానొద్దు తల్లీ. వచ్చేవాడెవడో నీ పనేంటని అడిగి, చెప్పగలిగినంత విని, మిగతాది నమ్మేవాడైతేనే రమ్మందాం.

మగపిల్లల తల్లులారా, మీకూ ఒక మాట. లోహం కూడా ఒక్కసారి పడిన బరువుకి కాదు, రోజూ పడే చిన్న చిన్న బరువులకే విరుగుతుందట. కోడళ్ళ సంగతి మీరే ఆలోచించండి.