మక్కీకి మక్కీ

“అరగంట పని” అన్నాడు మొన్న మా టీమ్ లీడ్, టీ కప్పు ఊదుకుంటూ. పాత క్లయింటుకు చేసిన ఆండ్రాయిడ్ ప్రాజెక్టు ఫోల్డర్‌ను కాపీ చెయ్యాలట, పేరూ రంగులూ మార్చాలట, కొత్త క్లయింటుకు యాప్ సిద్ధమట. ఈ అరగంటల్లో నా శనాదివారాలు ఎన్ని కరిగిపోయాయో నాకే తెలుసు.

మక్కీకి మక్కీ అంటాం కదా. మక్కీ అంటే ఈగ. పుస్తకం ఎత్తిరాస్తున్న గుమాస్తా, మూలప్రతిలో కాగితానికి అతుక్కుపోయిన ఈగను కూడా వదలకుండా, తన ప్రతిలోనూ అదేచోట ఒక ఈగను చంపి అంటించాడని కథ. పాపం, ఆయన ఈగ కంటికి కనబడేది. మా ఈగలు కనబడవు. చుక్కతో మొదలయ్యే గిట్ ఫోల్డర్ చాటుగా కాపీతోపాటే వచ్చేస్తుంది. అందులో రిమోట్ చిరునామా పాతదే. కొత్త కోడ్ పుష్ చేస్తే వెళ్లి పాత క్లయింటు రిపాజిటరీ తలుపు తడుతుంది. అప్లికేషన్ ఐడీ మార్చడం మరిచామా, టెస్టింగ్ ఫోన్లో కొత్త యాప్ పాతదాని పక్కన కూర్చోదు, దాని నెత్తిమీదే కూర్చుంటుంది. ఐడీ మార్చి ఫైర్‌బేస్ ఫైలు మరిస్తే నయం, బిల్డ్ ఆగిపోయి గోల చేస్తుంది. రెండూ మరిస్తే చప్పుడే ఉండదు. కొత్తవాళ్ల క్రాష్ రిపోర్టులన్నీ పాతవాళ్ల ఖాతాలో జమ!

“పాతది పనిచేస్తోందిగా” అన్నది ఈ కాపీరాయుళ్ల బ్రహ్మాస్త్రం. ఏరియన్-4 రాకెట్లోనూ పనిచేసింది. దాని దిశానిర్దేశ సాఫ్ట్‌వేర్‌ను ఏరియన్-5లోకి ఎక్కించారు. 1996 జూన్ 4న, తొలి ప్రయోగంలోనే, నిమిషం తిరక్కుండా రాకెట్ ముక్కలైంది. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో కుక్కబోయిందా కోడ్. అసలు నేల విడిచాక ఏరియన్-5కు ఆ లెక్కతో పనే లేదు. ఈగ!

గడువులంటారు, బడ్జెట్లంటారు. వాటికి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. ఒక శుభ్రమైన టెంప్లేటు చేసుకోండి, లేదా ఒకే కోడ్‌లో ప్రొడక్ట్ ఫ్లేవర్లు పెట్టుకోండి. ఎవరు చెయ్యాలి, ఎప్పుడు చెయ్యాలి అంటారా, అది మేనేజర్లు తేల్చుకోవాలి.

నిన్న రాత్రి పదకొండింటికి లీడ్ ఫోన్ చేశాడు. డెమోలో “మా గురించి” పేజీ తెరిస్తే పాత క్లయింటు చైర్మన్‌గారు చేతులు కట్టుకుని నవ్వుతున్నారట. “అరగంటలో తీసెయ్యగలవా?” అని.