అవగాహన సదస్సులు చాలు, కాలేజీలో ఒక బల్లా ఒక మనిషీ కావాలి

జై ఆదివాసీ. జై భీమ్.

పోస్టు పెద్దదే, కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవండి. ముఖ్యంగా ఈ ఏడాది డిగ్రీలో చేరిన పిల్లలు, వాళ్ళ ఇళ్ళల్లో ఉన్న పెద్దవాళ్ళు చదవాలి.

మాది ఉప్పలగుప్తం మండలం. మా బాబాయి రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటాడు. ఆయన కూతురు మా ఇంట్లో ఆడపిల్లల్లో మొదటిసారి డిగ్రీలో చేరింది. స్కాలర్‌షిప్ దరఖాస్తుకి ఈమెయిల్ కావాలన్నారు. పిల్లకి మెయిల్ లేదు. అమలాపురం వెళ్ళి నెట్ సెంటర్లో కూర్చుంది. ఆయన రెండు నిమిషాల్లో మెయిల్ తయారుచేసి, పాస్‌వర్డ్ తనే పెట్టి, రికవరీ నంబరు దగ్గర తన షాపు నంబరే కొట్టేశాడు. దరఖాస్తు అయింది, డబ్బులు తీసుకున్నాడు, పిల్ల ఇంటికొచ్చింది.

ఆరు నెలల తర్వాత దరఖాస్తులో ఏదో తప్పుంది సరిచేసుకోమని ఆ మెయిల్‌కే సమాచారం వచ్చింది. పిల్ల దగ్గర పాస్‌వర్డ్ లేదు. నెట్ సెంటర్ ఆయన షాపు తీసేశాడు, నంబరు మారిపోయింది. కాలేజీ ఆఫీసుకి వెళ్తే "అది మా పని కాదమ్మా, ఎక్కడ చేయించావో అక్కడికే వెళ్ళు" అన్నారు. గడువు దాటిపోయింది. ఆ ఏడాది ఫీజుకి బాబాయి చెరువు యజమాని దగ్గర అప్పు చేశాడు. ఆ అప్పు తీరేదాకా ఇంకో చెరువుకి పోవడానికి లేదు. ఒక పాస్‌వర్డ్ ఖరీదు అది.

ఇదంతా చెప్తే మనవాళ్ళు కూడా కొందరు ఏమన్నారో తెలుసా? "మనవాళ్ళకి అవగాహన లేదండీ." నాకు ఒళ్ళు మండేది ఈ మాటకే. పన్నెండో తరగతి దాకా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టకుండా, కాలేజీలో చేరిన రోజున "అంతా ఆన్‌లైన్లోనే" అంటే అవగాహన ఎక్కణ్ణుంచి వస్తుంది? ఈత నేర్పకుండా గోదాట్లో తోసి, మునిగాక "వాడికి ఈత రాదు" అన్నట్టుంది.

అవగాహన పేరుతో జరిగేది కూడా మాట్లాడుకుందాం. ప్రతి నెలా మొదటి బుధవారం సైబర్ జాగరూకతా దివస్ జరపమని యూజీసీ కాలేజీలకు చెప్పింది. ఆలోచన మంచిదే. నేను చూసిన చోట జరిగిందేంటి? ఒక ఫ్లెక్సీ, ఒక ప్రతిజ్ఞ, ఒక గ్రూప్ ఫొటో, పైకి పంపడానికి ఒక రిపోర్టు. "ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అని మైకులో చెప్పి వెళ్ళిపోయారు. అదే రోజు మధ్యాహ్నం దరఖాస్తు కోసం ఆఫీసుకి వెళ్ళిన పిల్లని క్లర్కు గారు అడిగింది "ఓటీపీ వచ్చిందా, చెప్పు" అనే. ఆ పిల్ల ఎవరి మాట వినాలి?

అందుకే నేననేది, మనకి సదస్సులు అక్కర్లేదు. కాలేజీలో ఒక బల్ల కావాలి. బల్ల వెనక జీతమిచ్చి పెట్టిన ఒక మనిషి కావాలి. కొత్తగా చేరిన పిల్ల చేత తన మెయిల్ తనే తెరిపించి, తన నంబరే పెట్టించి, పాస్‌వర్డ్ తన చేత్తోనే కొట్టించే మనిషి. ఫోన్ పోయినా, ఖాతా తాళం పడినా, లాప్‌టాప్ ఆన్ కాకపోయినా "ఇటు రా" అనే మనిషి.

ఇది గొంతెమ్మ కోరికేం కాదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సెంటరే ఉంది. విదేశాల్లో యూనివర్సిటీలో చేరగానే మొదటి వారంలోనే ఖాతా, వైఫై, భద్రత చూసే సహాయ కేంద్రం ఎక్కడుందో చూపిస్తారు. పెద్ద చదువుల పెద్దింటి పిల్లలకి ఉన్న బల్ల, ఇంట్లో అడగడానికి ఎవరూ లేని మన పిల్లలకి ఎందుకు లేదు? అసలు అవసరం ఎవరికి ఎక్కువ?

ఇది విద్యార్థుల గోడు ఒక్కటే కాదు, స్టాఫ్ బాధ కూడా. మా కాలేజీ రోజుల్లో ల్యాబులో పెన్‌డ్రైవ్ పెడితే చాలు, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయేవి. ఒక సీనియర్ ప్రాజెక్టు మొత్తం అలాగే పోయింది, ఇంకో కాపీ లేదు. ల్యాబ్ చూసే ఆయన్ని తిట్టుకునేవాళ్ళం. తర్వాత తెలిసింది, ఆయన్ని వేసింది రికార్డుల పనికి, ల్యాబ్ అదనం, ఎవరూ ఏమీ నేర్పలేదు. ఒక గెస్ట్ లెక్చరర్ గారికి "పొరపాటున మీ ఫోన్‌కి ఆరంకెల కోడ్ వచ్చింది, కాస్త పంపండి సార్" అని తెలిసినవాళ్ళ నంబరు నుంచే మెసేజ్ వచ్చింది. పంపారు. ఆయన వాట్సాప్ పోయింది. ఆయన పేరుతో పిల్లలందరికీ "అర్జెంటుగా డబ్బులు కావాలి" అని మెసేజులు వెళ్ళాయి. పాపం ఆయనకే నాలుగు నెలల జీతం రావాలి.

ఇంకోటి. విద్యార్థుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులం, అన్నీ ఉన్న ఎక్సెల్ షీటుని "సరిచూసుకోండి" అని క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టడం మీలో ఎంతమంది చూశారు? 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. మన వివరాలు తీసుకున్నవాళ్ళే వాటిని కాపాడాలన్నది దాని మూలసూత్రం. తర్వాత "స్కాలర్‌షిప్ సెక్షన్ నుంచి మాట్లాడుతున్నాం" అని మన పేరు, కాలేజీ, బ్యాంకు పేరు కూడా చెప్పి ఫోన్ వస్తే, వాడికి అవన్నీ ఎలా తెలిశాయని ఆశ్చర్యపోతాం!

అప్‌డేట్ల సంగతి చూడండి. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకి తాళం వేసి డబ్బులు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే, అతుకు ఇచ్చేసింది. ఆ అప్‌డేట్ వేసుకోనివాళ్ళే ఎక్కువగా దెబ్బతిన్నారు. పోలీసుల కంప్యూటర్లకే అలా జరిగితే మన కాలేజీ ల్యాబ్ సంగతేంటి? విండోస్ 10కి ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో మామూలుగా ఆగిపోయాయి. పాత కంప్యూటర్లు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. మీ ల్యాబులో ఏముందో రేపు వెళ్ళి చూడండి.

"డబ్బుల్లేవు" అంటారు. కేరళ బడుల్ని చూడండి. అక్కడి ప్రభుత్వ బడులు ఎప్పుడో ఉచిత సాఫ్ట్‌వేర్‌కి మారాయి. 2018 నుంచి లిటిల్ కైట్స్ అని హైస్కూలు పిల్లల క్లబ్బులు నడుపుతున్నారు. శిక్షణ తీసుకున్న పిల్లలే బడిలో కంప్యూటర్ల పనుల్లో సాయపడతారు. మన తెలుగులోనూ స్వేచ్ఛ వాళ్ళు ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం ఏళ్ళుగా పనిచేస్తున్నారు. విండోస్ 11 ఎక్కని కంప్యూటర్‌కి లినక్స్ వేసుకోవడానికి లైసెన్సు డబ్బు కట్టక్కర్లేదు. లేనిది డబ్బు కాదు, ఇది మన పని అనుకునే మనసు. ప్రభుత్వం మన పేరు మీద కాలేజీకి ఫీజు కడుతోంది. ఆ ఫీజులో మాకో బల్ల రాదా?

2022 మే 24న అమలాపురంలో గొడవలయ్యాక జిల్లాలో దాదాపు రెండు వారాలు ఇంటర్నెట్ ఆపేశారు గుర్తుందా? ఇంటి నుంచి పనిచేసే ఐటీ ఉద్యోగులు నెట్ కోసం జిల్లా దాటి వెళ్ళారు. అందరూ గోల పెట్టారు, న్యాయమే. కానీ ఒకటి అడుగుతా. తన మెయిల్ తన చేతిలో లేని పిల్లకి నెట్ ఉన్న రోజు కూడా లేనట్టే కదండీ? దానికి గోల పెట్టేవాళ్ళేరి?

మనం కోనసీమలో పిడికెడు మందిమి. ఏజెన్సీకి రంపచోడవరం, చింతూరు ఐటీడీఏలు ఉన్నాయి. యానాదుల కోసం నెల్లూరులో ఉంది. మైదానంలో, ఈ ఉప్పుటేర్ల ఒడ్డున ఉన్నవాళ్ళకి అవన్నీ దూరమే. కాబట్టి మన పిల్లకి దగ్గరున్న ప్రభుత్వం కాలేజీయే. అక్కడే అడగాలి.

ఇక మన తప్పులు. కోపం రావచ్చు, అయినా చెప్తాను.

క్రాక్ విండోస్, క్రాక్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ అని గ్రూపులో లింకులు పెడుతున్నది మనమే. ఆ క్రాకుల్లో చాలావాటితో దొంగ కూడా ఇంట్లోకి వస్తాడు. పెళ్ళి శుభలేఖ అని, పీఎం కిసాన్ అని, ట్రాఫిక్ చలానా అని వచ్చే ఏపీకే ఫైళ్ళు చూడకుండా ఫార్వర్డ్ చేసేదీ మనమే. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఐటీ ఉద్యోగాలు చేస్తూ పండక్కి ఊరొచ్చి, ఒక్క పిల్లకీ మెయిల్ సరిచేసి పెట్టని అన్నలూ మనవాళ్ళే. నెట్ సెంటర్ ఆయన్ని నేను తిట్టడం లేదు, ఆయనదీ పొట్టకూడే. కానీ ఆయన చేస్తున్నది కాలేజీ చేయాల్సిన పని, మనం నేర్పాల్సిన పని.

బల్ల వచ్చేదాకా ఇవి మాత్రం చేయండి:

మెయిల్ ఎవరు తయారుచేసినా ఇవాళే పాస్‌వర్డ్ మార్చండి. రికవరీ నంబరు మీదో అమ్మదో పెట్టండి. రెండంచెల ధృవీకరణ ఆన్ చేయండి. వాట్సాప్‌కి కూడా రెండంచెల పిన్ పెట్టండి.

నెట్ సెంటర్లో, ల్యాబులో ఇన్‌కాగ్నిటోలోనే తెరవండి. లేచే ముందు లాగౌట్ అవ్వండి. డౌన్‌లోడ్ చేసిన ఆధార్, మార్కుల లిస్టు ఆ కంప్యూటర్లో వదలకుండా తుడిచేయండి.

లాప్‌టాప్ ఉంటే అప్‌డేట్లు ఆపకండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్‌ని ఆన్‌లోనే ఉంచితే మామూలు వాడకానికి అది చాలు. ప్రాజెక్టు రెండు చోట్ల దాచండి, ఒకటి పెన్‌డ్రైవ్, ఒకటి డ్రైవ్.

అమ్మకి ఒక్క మాట నేర్పండి. డబ్బులు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు. పిన్ అడిగాడంటే వాడు తీసుకునేవాడే. అలాగే అమ్మ ఆధార్ వేలిముద్రల్ని ఆధార్ యాప్‌లో లాక్ చేసి పెట్టండి, అవసరమైనప్పుడు తెరుచుకోవచ్చు.

డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. తర్వాత బ్యాంకుకి చెప్పండి.

ఇవన్నీ రాశాను కదా, చాలు అనుకోకండి. ఇలాంటి జాబితాలు గోడ మీద అంటించి చేతులు దులుపుకుంటారనే నా భయం. మా చెల్లికి జాబితా ఇస్తే ఏం చేసుకుంటుంది? ఆమెకి పక్కన కూర్చునే మనిషి కావాలి.

అందుకని రెండు పనులు. ఒకటి, మీ మీ కాలేజీల్లో ప్రిన్సిపాల్ గారికి రాతపూర్వకంగా ఇవ్వండి. సహాయ బల్ల పెట్టాలి, దానికి ఒక మనిషిని వేయాలి, విద్యార్థుల వివరాలు వాట్సాప్‌లో పెట్టడం ఆపాలి. స్టాఫ్‌ని కూడా కలుపుకోండి, ఇది వాళ్ళ కోరిక కూడా. కాగితం ఇచ్చినప్పుడు రసీదు తీసుకోండి. ఒక కాపీ రాజమహేంద్రవరం నన్నయ యూనివర్సిటీకి పంపండి. విజయనగరం గిరిజన విశ్వవిద్యాలయంలో, ములుగు సమ్మక్క సారక్క విశ్వవిద్యాలయంలో ఉన్న మనవాళ్ళు కూడా అడగండి. మన పేరు పెట్టుకున్న చోటైనా ఆ బల్ల ముందు ఉండాలి.

రెండు, ఈ ఆదివారం నేను లాప్‌టాప్ పట్టుకుని మా పేటలో రామాలయం అరుగు మీద కూర్చుంటాను, పొద్దున్న పది నుంచి. మెయిల్ లేనివాళ్ళు, మెయిల్ పోయినవాళ్ళు రండి. కంప్యూటర్ తెలిసినవాళ్ళు మీ మీ ఊళ్ళో అరుగు మీద కూర్చోండి. ఎవరు ఎక్కడ కూర్చుంటారో కింద రాయండి.

బాబాయి అప్పు ఇంకా తీరలేదు. ఇంకో బాబాయి అప్పు చేయకూడదు. అంతే నా గొడవ.

జై ఆదివాసీ.