చిలుము నేర్పిన పాఠము

“తెలుగున విజ్ఞానశాస్త్రము చదివిన పిల్లలు వెనుకబడరా?” అని కొందరు తల్లిదండ్రులు మమ్ము అడుగుచుందురు. మా సమాధానము చిలుముతో మొదలిడెదము.

పండుగకు ముందు మన యిండ్లలో రాగిబిందెలను చింతపండుతో తోముదురు. చిలుము పోవును, బిందె మెరయును. అయితే చిలుముగా మారిన రాగియు దానితోనే పోవుచున్నది. బిందెకిది పెద్ద నష్టము కాదు. పురాతనమైన కంచు విగ్రహమును ఇట్లే తోమినచో శిల్పి దిద్దిన రేఖలే అరిగిపోవును.

స్విట్జర్లాండులోని నూషాటెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వేరొక దారి త్రొక్కిరి. చిలుమును గీకివేయక, దానిపై బ్యువేరియా బాసియానా అను బూజును పెంచిరి. ఆ బూజు స్రవించు ఆక్సాలికామ్లము వలన చిలుము రాగి ఆక్సలేటుగా మారును. అది నీట సులభముగా కరగదు. లోపలి లోహమునకు కవచమగును.

ఈ బూజు మనకు క్రొత్తది కాదు. పట్టుపురుగులను పెంచు మన కోలారు ప్రాంతమువారు సున్నపుకట్టు రోగమును ఎరుగుదురు గదా! పురుగు బిగుసుకొని, సున్నము పూసినట్లు తెల్లబడి చచ్చును. దానికి కారణము ఈ బూజే యని 1835లో ఇటలీ దేశస్థుడగు అగస్టినో బాసి వెల్లడించెను. బూజు పేరున ఆయన పేరు నిలిచినది. పురుగుల తట్టలో మృత్యువైనది విగ్రహముపై రక్షయైనది!

ఇక ఇనుము సంగతి. త్రుప్పు పట్టుటకు నీరును ప్రాణవాయువును కావలెను. కొన్ని బాక్టీరియాలు లోహముపై జిగురుపొరగా ఏర్పడి, ప్రాణవాయువును లోహము చేరకముందే తామే గ్రహించును. షెవానెల్లా అను బాక్టీరియా ఉక్కు క్షయమును తగ్గించునని 2002లో ప్రకటితమైన ప్రయోగములు చూపినవి. అయినను సూక్ష్మజీవులన్నియు లోహమునకు మిత్రులు కావు. గాలి చొరని తడినేలలో కొన్ని బాక్టీరియాలు ఇనుప గొట్టముల నాశమునకు తోడ్పడునని 1934లోనే హాలెండు శాస్త్రజ్ఞులు తెలిపిరి. కావున గుణమెరుగక కావలివానిని నియమింపరాదు. ఒక్క దోషము చూచి వానిని తరిమివేయనురాదు.

చిలుము, త్రుప్పు, బూజు, సున్నపుకట్టు: ఈ యింటి మాటలే మనలను నేటి పరిశోధనల ముంగిటికి చేర్చినవి. కన్నడము, ఆంగ్లము నేర్వవలదని మేమనము, తప్పక నేర్వవలెను. కాని వానికై యింటి మాటను తుడిచివేయుట, పాత విగ్రహమును చింతపండుతో తోముట వంటిది. మెరుపు వచ్చును, రూపు పోవును.